ముట్టని ఇరవై నాలుగు బిళ్ళలు

భూమ్మీద నదులన్నీ నీలంగా ఉన్నాయంటే దానికి కారణం మా తాత. ఆయన పుట్టకముందు అవి ఏ రంగులో ఉండేవో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు బతికి లేరు. సముద్రం కూడా చాలాకాలం తెల్లకాగితంలా పడి ఉండి, ఓ సోమవారం ఉదయం పదిన్నరకి మా తాత కుంచె తడిపాక గానీ సముద్రమనిపించుకోలేదు. ఈ మాట ఎక్కడ కావాలంటే అక్కడ ప్రమాణం చేసి చెబుతాను. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పినదాన్ని కాబట్టి నా ప్రమాణానికి విలువెంతో మీరే చూసుకోండి.

తాత సర్వే ఆఫీసులో రంగులు వేసేవాడు. పటాలు గీసేవాళ్లు వేరు. వాళ్లు గీతలు గీసి, ఊళ్ల పేర్లు రాసి, సిరా ఆరాక కాగితాన్ని తాత బల్ల మీదికి తోసేవాళ్లు. నీళ్లున్న చోట నీలం, అడవున్న చోట ఆకుపచ్చ, కట్టడాలకు ఎరుపు, ఇసుకకు లేత పసుపు వేయడం తాత పని. వినడానికి పలక పట్టని పిల్లలు కూడా చేసేలా ఉంటుంది. చిన్నప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. తాత కోపం తెచ్చుకోలేదు. కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇదిగో, ఈ బెత్తెడు మేర నీలం వెయ్యి. ఒకచోట ముదురు, ఒకచోట లేత ఉండకూడదు. అంతే."

నేను వేసింది చూసి అమ్మమ్మ, "గోడకి చెమ్మ పట్టినట్టుందే" అంది.

అసలు కిటుకు వేరే ఉంది. బల్లను కాస్త వాలుగా పెట్టాలి. కుంచె నిండా రంగునీళ్లు తీసుకుని పై అంచున అడ్డంగా ఒక్క లాగు లాగాలి. ఆ లాగు అడుగున రంగునీళ్లు పూసలా వేలాడుతూ నిలబడతాయి. ఆ పూస ఆరకముందే దాని కింద ఇంకో లాగు, దాని కింద మరొకటి, అలా అడుగుదాకా పూసను దించుకుంటూ పోవాలి. మధ్యలో తుమ్మకూడదు, తల ఎత్తకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. ఆగావో, ఆగిన చోట అంచు ఆరి చార పడుతుంది. ఆ చారను తర్వాత దేవుడు దిగివచ్చినా తుడవలేడు.

అందుకని తాత పలికేవాడు కాదు. బంట్రోతు వచ్చి జీతం ఇస్తున్నారన్నా పలికేవాడు కాదు. మా అమ్మ పుట్టిందని ఆస్పత్రి నుంచి కబురొస్తే, ఒక చెరువు పూర్తిచేశాక గానీ కుంచె దించలేదు. చెరువు కూడా పెద్దదేనట. ఈ సంగతి అమ్మమ్మ ఇంకా మరిచిపోలేదు. ఆఫీసులో ఆయనకు చెవిటాయన అని పేరు పడిపోయింది. నిజానికి తాత చెవులు పాము చెవులు. పక్కగదిలో అమ్మమ్మ నా చేతికి చాటుగా మిఠాయి ముక్క ఇస్తే, "రెండోది కూడా ఇచ్చేయరాదూ" అని ఇక్కణ్ణుంచి అరిచేవాడు.

ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు ఆఫీసు ఒక మహాపటం తలపెట్టింది. కొండల్లో పుట్టినచోటి నుంచి సముద్రంలో కలిసేదాకా నది మొత్తం ముప్పై రెండు కాగితాల్లో పట్టాలి. అన్నీ అతికిస్తే హాల్లో ఒక గోడంతా నిండిపోవాలి. ఆ పని కోసం డైరెక్టరు సామాన్ల గది నుంచి ఒక పెట్టె తీయించాడు. ఆఫీసు పెట్టిన కొత్తలో, వందేళ్ల కింద తెప్పించిన నీటిరంగుల పెట్టె అది. నల్లచెక్క, ఇత్తడి మూలలు, లోపల పింగాణీ గిన్నెలు, రెండు వరసల్లో ఇరవై నాలుగు గట్టి రంగుబిళ్ళలు. వందేళ్లలో ఎవరూ తడి తగలనివ్వలేదు. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సంతకం పెట్టి దాన్ని తీసుకుని, సాయంత్రం చంకలో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

మర్నాడు తాత వెళ్లి అడిగాడు. "పటానికి ఇచ్చిన పెట్టె కదండీ అది. ఇప్పిస్తే మొదలుపెడతాను."

"అంత మంచి సరుకు నీ చేతికిస్తే రెండు నెలల్లో నాశనం చేస్తావయ్యా. నీ రేకు పెట్టె ఉందిగా!"

ఆ రేకు పెట్టెతోనే తాత పద్నాలుగు నెలలు కూర్చుని నది మొత్తం వేశాడు. నీలం బిళ్ళలు వరసపెట్టి తొమ్మిది మార్చాడు. తొమ్మిదోది కూడా గుంటపడి, గుంట చిల్లై, చిల్లులోంచి రేకు కనబడేదాకా వాడాడు. తాతది ఎడంచేతి వాటం. అందువల్ల ఆ పెట్టెలో ప్రతి బిళ్ళా ఒకే పక్కకు వాలి అరిగింది. ఒకే వైపు గాలికొట్టిన పంటలా ఉంటుంది ఆ వరస.

చివరి కాగితం రోజున జరిగింది ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అది ముప్పై రెండోది. నది సముద్రంలో కలిసే చోటు. అంతా నీళ్లే. బల్ల పొడుగునా ఒకే పూత. తాత సగం దాకా వచ్చాడు. మిగతా ముప్పై ఒకటీ గోడకు అతికించి ఉన్నాయి. తలుపు దగ్గర బూట్ల చప్పుడయింది. డైరెక్టరు ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి, గోడ ముందు ఆగిపోయాడు.

"ఎవరివయ్యా ఈ రంగులు?"

తాతకు చక్కగా వినిపించింది. ఆ గొంతులో ఉన్న ఆశ్చర్యం కూడా వినిపించింది. ఇంకా పదహారు లాగులున్నాయి.

హాల్లో పద్నాలుగు మంది. పదమూడు తలలు తాత వైపు తిరిగాయి. తాత తల మాత్రం పూస మీదే ఉంది. "మిమ్మల్నే అడుగుతున్నాను. ఎవరు వేశారు?" అని డైరెక్టరు రెండోసారి అడిగాడు. పదకొండు లాగులు. పూస వణికింది. తాత ఊపిరి బిగబట్టాడు. అప్పుడు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కోటు సర్దుకుని రెండడుగులు ముందుకేసి, "నా చేతుల మీదుగానే జరిగిందండీ" అన్నాడు. "భేష్" అంటూ డైరెక్టరు ఆ చేతులు పట్టుకుని ఊపాడు. తాత చివరి లాగు లాగి కుంచె ఎత్తేసరికి బూట్ల చప్పుడు మెట్లు దిగిపోతోంది.

ముప్పై రెండో కాగితంలో చార లేదు. ఇప్పటికీ లేదు. వెళ్లి చూసుకోవచ్చు.

భోజనాల వేళ తాత హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన తాత మొహం చూసి ముందే అందుకున్నాడు. "అడిగినప్పుడు నువ్వు పలకలేదు కదయ్యా. పెద్దమనిషి రెండుసార్లు అడిగాడు. ఎవరో ఒకరు పలకాలా వద్దా?"

పటం కింద మూల ఆయన సంతకం పడింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆయన పేరు సంతకంగారు.

అమ్మమ్మ ఇన్నేళ్లలో ఈ కథ విన్న ప్రతిసారీ ఒంటికాలి మీద లేస్తుంది. "నేనండీ అని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది? పళ్లు రాలతాయా?"

"చార పడేది."

"పడితే పడనివ్వాల్సింది! ఆ సముద్రంలో ఎవరు మునుగుతారు గనక!"

తాత అక్కడితో లేచి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోతాడు. ఎన్నిసార్లయినా ఇంతే.

కొన్నేళ్లకు అచ్చుయంత్రం వచ్చింది. అది రోజుకు నాలుగు వందల నదులకు నీలం వేసేది, తుమ్మేది కాదు. తాతను రికార్డు గదికి పంపారు. పాత పటాల వెనక గుడ్డ అతికించే పని. కుంచె పోయి జిగురు గరిట చేతికొచ్చింది. సంతకంగారు దర్జాగా పదవీ విరమణ చేశాడు. ఆ రోజున ఆఫీసువాళ్లు ఆ నల్ల పెట్టెనే ఆయనకు జ్ఞాపకంగా ఇచ్చేశారు. మూతకి ఇత్తడి రేకు కొట్టించారు. రేకు మీద ఆయన పేరు, పేరు కింద 'మహాపటానికి ఈ రంగులతో ప్రాణం పోసిన చేతులకు' అని చెక్కించారు. పెట్టె మూత ఎవరూ తీయలేదు. చప్పట్లు కొట్టారు. తాత కూడా కొట్టాడు. జిగురు చేతులు కదా, చప్పుడు రాలేదట.

ఆ వారమే తాత మొదటి పాత పెట్టె కొన్నాడు.

పాత ఇనప సామాన్ల కొట్టులో మరలు, కత్తెరల మధ్య దొరికింది. అరచేతి వెడల్పున్న మడతరేకు పెట్టె. అడుగున బొటనవేలు దూర్చుకునే ఉంగరం ఉంది. గుర్రం మీద కూర్చుని కూడా పట్టుకోవచ్చు. కెమెరాలు లేని రోజుల్లో సైనిక అధికారులకు నీటిరంగులు నేర్పించేవారట, కొండలూ కోటలూ చూసి బొమ్మ వేసుకుని రావడానికి. ఆ పెట్టెలో మట్టిరంగులు, గోధుమరంగు అడుగంటా అయిపోయి ఉన్నాయి. ఎరుపు ఒక మూల మాత్రం తడిసింది. తాత కొట్టువాడి స్టూలు మీద కూర్చుని అరగంట దాన్నే చూశాడు. కొండలు చూసిన మనిషి, పువ్వు చూడని మనిషి అని ఆయనకు తెలిసిపోయింది. రంగు పెట్టె అబద్ధం ఆడదు. మనిషి ఏం చేశాడో, ఏం చేయలేదో బిళ్ళ అరుగుదలలో ఉంటుంది.

ఆ అరగంటలో ఇంకోటి కూడా తట్టింది. సంతకంగారి పెట్టె మూత ఎవరైనా ఎప్పుడైనా తీస్తే!

అక్కణ్ణుంచి పెట్టెలు ఇంట్లోకి వరసకట్టాయి. సైకిళ్ల మరమ్మతు షాపు పైన రెండు గదులు మావి. ఒకదాంట్లో మనుషులు, ఒకదాంట్లో పెట్టెలు. "ఇంకో పెట్టె వస్తే నేను షాపులో ట్యూబుల పక్కన పడుకుంటాను" అనేది అమ్మమ్మ. అరవై ఒకటి వచ్చాయి. ఆమె ఒకసారైనా వెళ్లి ట్యూబుల పక్కన పడుకోలేదు.

తాత నన్ను కూర్చోబెట్టి వాటిని చదివి వినిపించేవాడు. బళ్లో చదువు నాకు అబ్బలేదు గానీ ఈ చదువు అబ్బింది. రెండు వందల యాభై ఏళ్ల కిందటిదాకా రంగు కావలసినవాడు రాయీ పొడీ తెచ్చుకుని తానే నూరుకోవలసి వచ్చేది. ఆ తర్వాత ఎవరో బిళ్ళలుగా పోసి, ముద్ర కొట్టి, పెట్టెలో అమర్చి అమ్మారు. దాంతో నీటిరంగు సంచిలోకి, గంపలోకి, ఓడలోకి ఎక్కింది. మొదట్లో బిళ్ళలు రాయిలా ఉండేవి, గిన్నెలో నీళ్లుపోసి అరగదీయాలి. తర్వాత గ్లిజరిన్ కలిపి మెత్తటివి చేశారు, తడికుంచె తాకిస్తే చాలు. ఆ తర్వాత సీసపు గొట్టాల్లో ముద్దలా వచ్చాయి. ఇదంతా పెట్టెల్ని వరసగా పెడితే కళ్లకు కట్టేది.

ఒక పెట్టెలో మూడు ఆకుపచ్చలూ ఖాళీ. మూత లోపల చిన్న చిన్న చుక్కలు, పక్కన పెన్సిలుతో ఆకుల పేర్లు. "ఎవరో ఇల్లాలు. మొక్కల్ని కాగితం మీదికి ఎక్కించింది. ఇందులో ఒక ఆకుపచ్చ విషం. ఆర్సెనిక్‌తో చేసేవాళ్లు ఆ రోజుల్లో. కుంచె మొన కోసం నాలుకకు రాసుకునుంటే అంతే సంగతి" అన్నాడు తాత.

"నువ్వూ నాకేవాడివిగా తాతా కుంచె!"

"నాది నీలం."

"అందుకే మాట బయటికి రాలేదా?"

అమ్మమ్మ వంటింట్లోంచి గట్టిగా నవ్వింది. తాత నవ్వలేదు. నా బుగ్గ గిల్లాడు, కాస్త గట్టిగానే.

ఒకసారి ఉండబట్టలేక తాత సంతకంగారి ఇంటికి వెళ్లాడు. ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది. టీ ఇచ్చారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఆ నల్ల పెట్టె ఒకసారి చూపిస్తారా" అని అడిగాడు.

"బీరువాలో ఉందోయ్. తాళం ఎక్కడ పెట్టానో!" అన్నాడాయన. బీరువాకు తాళం వేలాడుతూనే ఉంది. తాత టీ పూర్తిచేసి వచ్చేశాడు.

సంతకంగారు నిరుడు పోయాడు. అదే ఏడు ఆఫీసుకు నూట యాభై ఏళ్లు నిండాయి. పాత డ్రాయింగు హాలును ప్రదర్శనశాల చేయాలనుకున్నారు. ఆ పని చూసే క్యూరేటర్ అమ్మాయి ఎవరి దగ్గరో విని మా మెట్లెక్కి వచ్చింది. మంచి పిల్ల. చెప్పులు బయట విడిచి, పెట్టెల ముందు నేల మీద కూర్చుంది. ఇవి ప్రదర్శనకు ఇస్తారా అని అడిగింది. తాత నసిగాడు.

"మహాపటం మధ్యలో పెడుతున్నాం సార్. దాని ముందు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారి పెట్టె. వాళ్లమ్మాయి ఇస్తానన్నారు. దాని చుట్టూ మీ పెట్టెలుంటే చరిత్ర అంతా ఒక్కచోటికి వస్తుంది."

తాత నసగడం ఆపేశాడు. "ఇస్తానమ్మా. అన్నీ ఇచ్చేస్తాను. ఆ పెట్టె తెచ్చిన రోజున మాత్రం నేనుండాలి."

నలభై ఏళ్లుగా ఒక్క పెట్టెను జరపనివ్వని మనిషి, అరవై ఒక్కటీ కాగితం మీద రాసిచ్చాడు.

ఏ పెట్టె ముందు పెట్టాలో, ఏది వెనక పెట్టాలో రాసిపెట్టమని ఆ అమ్మాయి నోటుపుస్తకం ఇచ్చింది. పాత పెట్టెలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ అందరూ ఒప్పుకునే పద్ధతి ఒకటుంది. తాత నిపుణుడి ఠీవితో దాన్నే దించాడు. ముట్టని బిళ్ళలున్నవి మొదటి తరగతి. అంచులు అరిగినవి రెండు. గుంట పడినవి మూడు. చిల్లులు పడి, తుప్పు పట్టినవి నాలుగు. ప్రదర్శనకు పనికిరావు. దాని వెనక ముప్పై పేజీల నిండా ఒక్కో పెట్టె అరుగుదల ఏం చెబుతోందో రాశాడు. కొండలు చూసిన అధికారి, ఆకుల ఇల్లాలు, రంగులన్నీ కలిపి బురద చేసిన ఎవరింటి పిల్లవాడో. రాస్తూ రాస్తూ భోజనం మానేశాడు. ఆ అమ్మాయి చదివి మెచ్చుకుంది. కానీ పెట్టె ముందు పెట్టే కార్డులో రెండు వాక్యాలకే చోటుంది. తరగతి అంకె ఒక్కటే పట్టింది.

పెట్టె తెచ్చిన రోజున తాత ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సంచిలో తన రేకు పెట్టె పెట్టుకున్నాడు. పదవీ విరమణనాడు ఎవరూ అడగలేదు కాబట్టి అది ఆయన దగ్గరే ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే అమ్మమ్మ పైనుంచి, "ఏమండీ, ఇవాళ మాత్రం చేతిలో కుంచె లేదు. నోరు విప్పండి" అంది.

"విప్పుతానే."

హాలు కిటికీలు అవే. బల్లలు పోయాయి. గోడ నిండా నది ఉంది. సంతకంగారి కూతురు వచ్చింది. యాభై దాటిన మనిషి, మెత్తనిది. క్యూరేటర్ అమ్మాయి తాతను పరిచయం చేసింది. "వీరు అప్పట్లో ఇక్కడే రంగుల విభాగంలో పనిచేశారండీ."

ఆవిడ మొహం వికసించింది. తాత చెవి దగ్గరికి వంగి, హాలు మారుమోగేలా అరిచింది. "చెవిటాయన మీరేనా బాబాయిగారూ! నాన్న మీ గురించి చెప్పేవారు! పాపం వినపడదు గానీ మంచి పనివాడు అనేవారు!"

"నాకు వినపడుతుందమ్మా" అన్నాడు తాత.

"ఆఁ! ఆఁ! అవునవును!" అని ఆవిడ ఇంకా గట్టిగా అరిచింది.

పెట్టెను బల్ల మీద పెట్టారు. తాత మూత మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్లూ కలలోకి వచ్చిన మూత. ఒకవేళ లోపల అరిగి ఉంటే? సంతకంగారు రిటైరయ్యాక సరదాకైనా పూలో పిట్టలో వేసుకుని ఉంటే? అదొక్కటే భయం. మూత ఎత్తాడు.

ఇరవై నాలుగు బిళ్ళలు. ఒక్కదాని మీదా తడి మచ్చ లేదు. ముద్రల అంచులు బ్లేడులా ఉన్నాయి. తెల్లబిళ్ళ మీది పల్చటి కాగితం కూడా ఊడలేదు. నీలం బిళ్ళ కొత్త ఇటుకలా కూర్చుని ఉంది. పింగాణీ గిన్నెల మధ్య వేసిన రంపపు పొట్టు అలాగే ఉంది.

తాత పెట్టెను ఆ అమ్మాయి వైపు తిప్పాడు. "చూడమ్మా. బాగా చూడు. ఒక్క బిళ్ళ కూడా తడవలేదు."

"అబ్బ!" అంది క్యూరేటర్ అమ్మాయి, కళ్లద్దాలు పైకి తోసుకుని. "మొదటి తరగతి సార్! మీ లెక్క ప్రకారం మీ అరవై ఒకటిలోనూ ఇలాంటిది ఒక్కటీ లేదు!"

కూతురు కళ్లు తుడుచుకుంది. "నాన్న ఏ వస్తువైనా అంత పదిలంగా వాడేవారు."

"వాడలేదమ్మా. వాడితే అరుగుతుంది. ఇదిగో!" తాత సంచిలోంచి రేకు పెట్టె తీసి పక్కన పెట్టి మూత తెరిచాడు. చిల్లుపడిన నీలం, ఒకే పక్కకు వాలిన వరస. "గోడ మీద అంత నీలముంది. అది దీంట్లోంచి పోయింది. దాంట్లోంచి కాదు. ఆ పటానికి రంగు వేసింది నేను."

అన్నాడు. యాభై ఏళ్లకు అన్నాడు. నది ఎదురుగానే అన్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. జాలి వచ్చింది, అది ఇంకా ఘోరం. క్యూరేటర్ అమ్మాయి రేకు పెట్టెను రెండు వేళ్లతో అందుకుని చూసి, మెల్లగా దింపింది.

"అప్పట్లో ఇంత పెద్ద పని ఒక్కరు చేసేది కాదు కదా సార్. అందరి చెయ్యీ ఉంటుంది. కార్డు కింద 'సిబ్బంది సహకారంతో' అని వేయిస్తాను. తప్పకుండా వేయిస్తాను."

"ఈ పెట్టె?"

"ఇది..." ఆ పిల్ల నిజంగానే ఇబ్బందిపడింది. "చిల్లు, తుప్పు... మీరే నాలుగో తరగతి అని రాశారు కదా సార్. ప్రదర్శనకు పనికిరాదని మీ దస్తూరీలోనే ఉంది."

తాత ఆ నోటుపుస్తకం వైపు చూశాడు. గుండ్రటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత కూడా లేదు.

ప్రారంభం రోజున తాత నల్ల పెట్టె పక్కన రెండు గంటలు నిలబడ్డాడు. కార్డు మీద ముద్దుగా అచ్చువేశారు. 'ఈ పెట్టెలోని రంగులతోనే మహాపటం రూపుదిద్దుకుంది.' దాని కింద చీమతలల్లో సిబ్బంది సహకారం. జనం వచ్చారు. గోడంత నీలం చూశారు. వంగి, ముట్టని ఇరవై నాలుగు బిళ్ళలు చూశారు. ఎంత కొత్తగా ఉన్నాయో అన్నారు. మళ్లీ గోడంత నీలం చూశారు. ఈ రెంటికీ పొత్తు కుదరదని ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, అనుమానం రాలేదు. ఎవరైనా అడుగుతారేమోనని తాత ప్రతి మొహంలోకీ చూశాడు. ఒకాయన అడిగాడు, బాత్రూము ఎటువైపని.

ఇంటికొచ్చాక అమ్మమ్మ ఏమీ అడగలేదు. అమ్మమ్మ ఏమీ అడగకపోవడం మా ఇంట్లో పెద్ద విశేషం. పెట్టెలు పోయిన గదిలో ఇప్పుడు ఆమె బట్టలు ఆరేస్తోంది. చోటు సరిపోయింది కదా అన్నాను. "ఇంత చోటు నాకెందుకే" అంది.

తాత ఇప్పుడు ప్రతి గురువారం ప్రదర్శనశాలకు వెళ్తున్నాడు. పాత బిళ్ళలకు చెమ్మ తగిలితే బూజు, మరీ ఎండితే పగుళ్లు. ఆ సంగతి అక్కడ ఇంకెవరికీ తెలియదు. అరవై ఒక్క పెట్టెలూ మెత్తటి కుంచెతో దులుపుతాడు. అద్దాల అర తాళం చెవి ఆయనకే ఇచ్చారు. నల్ల పెట్టెను అన్నింటికంటే చివర, అన్నింటికంటే ఎక్కువసేపు చూసుకుంటాడు. కన్నబిడ్డకు కూడా అంత సేవ చేసుండడు. ఆ మాట మా అమ్మను అడగండి.

ఒక గురువారం నేనూ వెంట వెళ్లాను. చుట్టూ ఎవరూ లేరు. నల్ల పెట్టె మూత తెరిచి ఉంది. పక్కన నేల తుడిచేవాళ్లు వదిలేసిన బకెట్లో నీళ్లున్నాయి.

"తాతా, ఒక్క చుక్క. ఆ నీలం మీద ఒక్క చుక్క వేసి రుద్దెయ్. మొదటి తరగతి కాస్తా రెండో తరగతి అయి కూర్చుంటుంది. కసి తీరుతుంది."

తాత నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. బకెట్టును కాలితో దూరంగా జరిపాడు.

"తడిపితే వాడినట్టు కనబడుతుంది. వాడినట్టు కనబడితే ఆయనే వేసినట్టవుతుంది. ఇది ఇలా ఉన్నంతకాలం..." అని ఆగాడు. మిగతాది అనలేదు. ఇది ఇలా ఉన్నంతకాలం, చూడడం వచ్చినవాడు ఒక్కడు ఎప్పుడైనా రాకపోతాడా అని ఆయన ఆశ. సంతకంగారి పెట్టెను ఈ లోకంలో సంతకంగారికంటే భద్రంగా కాపాడుతున్నవాడు మా తాతే. చెమ్మ తగలనివ్వడు, ఈగ వాలనివ్వడు. ఎనభై ఒకటో ఏట, మోకాళ్ల నొప్పులతో, గురువారం గురువారం వెళ్లి శత్రువు సొత్తు తుడిచి వస్తాడు.

ఇదంతా రాశాక, మొదటి నుంచి ఆఖరు దాకా ఆయనకు చదివి వినిపించాను. నదుల సంగతి దగ్గర మురిసిపోతాడనుకున్నాను. కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా విన్నాడు. నిద్రపోయాడేమోనని మధ్యలో రెండుసార్లు పిలిచాను. పలకలేదు. చదవడం అయ్యాక కళ్లు తెరిచాడు.

"కింద పేరు ఎవరిది వేస్తున్నావు?"

"నాదే తాతా. రాసింది నేనేగా!"

తాత నా చేతిలో కాగితాలు తీసుకుని, అంచులు సమంగా తట్టి, మళ్లీ నా ఒళ్లో పడేశాడు.

"బతికింది నేను, సంతకం నీది. పైకొస్తావే కోతీ, ఆయనలాగే."